ఫ్యాక్టరీ వేట రైఫిల్ గురిని ఇంట్లోనే కుదుర్చుకోవడం ఎలా

టెక్సస్‌లో తెల్లతోక జింకల వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. సెప్టెంబరు వచ్చిందంటే మిత్రుల ఫోన్లు మొదలవుతాయి. "రైఫిల్ కొత్తది, స్కోపు కూడా మంచిదే. అయినా గుండ్లు చెల్లాచెదురుగా పడుతున్నాయి. బ్యారెల్ మార్పించాలా?" అని అడుగుతారు. దాదాపు ప్రతిసారీ నా జవాబు ఒక్కటే. బ్యారెల్, అంటే గుండు దూసుకెళ్లే గొట్టం, దాని జోలికి వెళ్లకండి. ఈ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే బ్యారెళ్లు చాలామట్టుకు మంచివే. లోపం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: స్కోపు (గురి చూసే దుర్భిణి) రైఫిల్ ఇనుముకు అతికే చోట, ఆ ఇనుము స్టాక్‌లో (చేత్తో పట్టుకుని భుజానికి ఆన్చే చెక్క లేదా ప్లాస్టిక్ భాగంలో) కూర్చునే చోట, మీరు వాడే తూటాలో. ఈ మూడింటినీ గ్యారేజీలో ఒక బల్ల, ఒక టార్క్ స్క్రూడ్రైవర్ (కోరిన బలం దగ్గర బిగింపు ఆపేది), కొంచెం ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు), బోలెడంత ఓపికతో సరిచేసుకోవచ్చు.

ఒక్క నియమం మాత్రం తప్పకండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేయడానికి ముందు కాల్చి కొలవండి, చేశాక మళ్లీ కాల్చి కొలవండి. ఒకే ఆదివారం స్క్రూలు బిగించి, స్టాక్‌లో బ్యారెల్ కూర్చునే గాడి గీకి, తూటా మార్చి, ట్రిగ్గర్ తేలిక చేస్తే గురి కుదిరినా ఎందుకు కుదిరిందో మీకు తెలియదు. చెడితే ఎక్కడ చెడిందో అసలే తెలియదు.

చట్టం సంగతి ముందే చూసుకోండి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద అమెరికాలో ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. టెక్సస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ రోజు దాటి కొత్త లైసెన్సు తీసుకోకపోతే గ్యారేజీలో ఉన్న రైఫిలే నేరమవుతుంది. ఈ తేదీని ఫోనులో గుర్తు పెట్టుకోండి, అనుమానం ఉంటే న్యాయవాదిని అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ వీసా చిక్కు లేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ పూర్తిచేయాలి. ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట. అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 వేటను నిషేధించింది. ఆయుధాల మరమ్మతుకు కూడా 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ఇక్కడ చెప్పే పనులు అక్కడ ఇంట్లో చేయవలసినవి కావు.

ఎంత గురి కావాలి?

రైఫిల్ గురిని ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణంలో కొలుస్తారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దూరంలో 1.047 అంగుళాలు. వాడుకలో అంగుళం అనేస్తారు. 200 గజాలకు అదే రెండు అంగుళాలు అవుతుంది. వరుసగా కాల్చిన గుండ్లు కాగితం మీద చేసే రంధ్రాల కూటమిని గుంపు అందాం. అందులో ఒకదానికొకటి అతి దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరమే ఆ గుంపు కొలత.

తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. 200 గజాల లోపే కాల్చేవారికి రెండు ఎంఓఏ రైఫిల్ కూడా పనికొస్తుంది. అలాంటప్పుడు ఎందుకీ శ్రమ? ఎందుకంటే అడవిలో మన చెయ్యి బల్ల మీద ఉన్నంత స్థిరంగా ఉండదు. గాలి వీస్తుంది, ఊపిరి ఎగబోస్తుంది, జింక ఒక అడుగు ముందుకేస్తుంది. ఈ తప్పులన్నింటికీ రైఫిల్ తప్పు తోడవుతుంది. మన చేతిలో లేనివి ఎన్నో ఉన్నాయి కాబట్టి చేతిలో ఉన్నదాన్ని సరిచేసుకుని వెళ్లడం ఆ జంతువు పట్ల మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను. వేట రైఫిల్‌కు అంగుళంన్నర మంచి లక్ష్యం. అంగుళం వస్తే చాలా మంచిది. అరంగుళం కోసం నెలల తరబడి తంటాలు పడనక్కర్లేదు.

ముందు ఇప్పుడున్న స్థితిని కొలవండి

రేంజికి (కాల్పుల సాధన చేసే మైదానానికి) ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. చెవులకు రెండు పొరల రక్షణ పెట్టుకోండి, లోపల ప్లగ్గులు, పైన మఫ్లు. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు మోత ఒక్కసారికే వినికిడిని దెబ్బతీయగలదు. వేట రైఫిల్ మోత 150 పైనే ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

బల్ల మీద ముందు ఒక ఇసుక సంచి, వెనక రైఫిల్ మడమ (స్టాక్ భుజానికి ఆనే చివర) కింద మరో చిన్న సంచి పెట్టుకోండి. ముందు సంచి స్టాక్ కింద ఉండాలి. బ్యారెల్ దేనికీ తగలకూడదు. ఎడమచేత్తో వెనక సంచిని నొక్కుతూ వదులుతూ గురిని ఎత్తుకోండి, దించుకోండి. 100 గజాల దగ్గర ఐదేసి గుండ్ల గుంపులు మూడు కాల్చండి. గుంపుకూ గుంపుకూ మధ్య బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) తెరిచి ఉంచి, బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. వేట రైఫిళ్ల బ్యారెళ్లు మోయడానికి తేలికగా ఉండాలని సన్నగా చేస్తారు. అవి నాలుగైదు గుండ్లకే వేడెక్కి గురి తప్పుతాయి. టెక్సస్ సెప్టెంబరు ఎండలో చల్లబడటానికి పావుగంట చాలదు. నేను ఉదయం తలుపులు తెరిచే వేళకే వెళ్తాను.

మూడు గుండ్ల గుంపుతో సరిపెట్టుకోకండి. ఒకే రైఫిల్‌తో కాల్చినా, మూడు గుండ్ల గుంపు సగటున ఐదు గుండ్ల గుంపు కంటే సుమారు ఐదో వంతు చిన్నగా వస్తుంది. చిన్నగా కనబడుతుంది కాబట్టే అందరికీ అదంటే ఇష్టం. మీరు పోల్చేది మీ రైఫిల్‌ను మీ రైఫిల్‌తోనే కాబట్టి ప్రతిసారీ ఐదే కాల్చండి. కొలిచేటప్పుడు రెండు చివరి రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం తీసుకుని, అందులోంచి ఒక గుండు వెడల్పు తీసేయండి. .308 రైఫిల్‌కు అది 0.308 అంగుళాలు. తేదీ, తూటా పేరు, ఎండ, గాలి, మూడు గుంపుల కొలతలూ రాసిపెట్టండి. "ఒక గుండు పక్కకు పోయింది, అది నా తప్పు" అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి. అది మీ తప్పేనని పేలిన క్షణంలో, కాగితం చూడకముందే తెలిస్తే తప్ప.

స్క్రూలు

ఇంటికి వచ్చాక మొదట తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్‌ను (తూటా కూర్చునే అరను) కంటితో చూసి, వేలు పెట్టి తడిమి కూడా ఖాళీ అని నిర్ధారించుకోండి. తర్వాత బోల్ట్ పూర్తిగా తీసి పక్కన పెట్టండి. ఇకపై ప్రతి పనికీ ఇదే మొదటి మెట్టు.

మూడేళ్ల కిందట నవంబరులో 140 గజాల దూరంలో నిలబడ్డ జింకను కాల్చాను. గురి భుజం వెనకే ఉంది. గుండు పొట్ట వైపు పోయింది. దాన్ని వెతుక్కుంటూ టార్చిలైటు వెలుతురులో ముళ్లపొదల్లో మూడు గంటలు తిరిగాం. దొరికింది, కానీ ఆ మూడు గంటలూ దానికెలా గడిచాయో నాకు తెలుసు. మర్నాడు స్కోపు పట్టుకుని కదిపితే వెంట్రుకవాసి కదిలింది. దుకాణంలో బిగించిన బేసు (స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే పలక) ముందు స్క్రూ చేత్తో తిప్పితేనే తిరిగింది. బిగించింది వాళ్లే, కానీ పరీక్షించకుండా అడవికి తీసుకెళ్లింది నేను. అందుకే నా వరుసలో స్క్రూలది మొదటి స్థానం.

స్కోపును పూర్తిగా విప్పండి. బేసు స్క్రూలను, వాటి రంధ్రాలను ఆల్కహాల్‌తో తుడిచి నూనె జిడ్డు పోగొట్టండి. కొత్త రైఫిల్ రంధ్రాల్లో ఫ్యాక్టరీ నూనె తప్పకుండా ఉంటుంది. ప్రతి స్క్రూకూ ఒక బొట్టు నీలిరంగు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) పూసి, టార్క్ స్క్రూడ్రైవర్‌తో బేసు తయారీదారు చెప్పిన కొలతకు బిగించండి. చిన్న 6-48 స్క్రూలకు సాధారణంగా 15 నుంచి 20 అంగుళం-పౌండ్లు (బిగింపు బలం కొలత). స్కోపును చుట్టి పట్టే రింగుల పైకప్పుల స్క్రూలకు 15 నుంచి 18 మధ్య. రింగుల స్క్రూలను కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. రెండు వైపులా సందు సమానంగా కనబడాలి. "ఇంకొంచెం బిగిస్తే పోలా" అనుకుంటే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. ఆ తర్వాత లోపలి మీటలు తిప్పినా గురి సరిగా కదలదు.

తర్వాత యాక్షన్ స్క్రూలు. ఇవి యాక్షన్‌ను, అంటే బోల్ట్, ట్రిగ్గర్ ఉండే ఇనుప భాగాన్ని, స్టాక్‌కు పట్టి ఉంచే రెండు మూడు పెద్ద స్క్రూలు. చెక్క స్టాక్‌కు సుమారు 40 అంగుళం-పౌండ్లు, అల్యూమినియం పిల్లర్లు గానీ అల్యూమినియం బ్లాకు గానీ ఉన్న స్టాక్‌కు సుమారు 65 అనేది వాడుక లెక్క. మీ రైఫిల్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానిదే చివరి మాట. బిగించే ముందు రైఫిల్‌ను మడమ మీద నిలువుగా నిలబెట్టి, బ్యారెల్‌ను కిందికి నొక్కండి. అలా చేస్తే రికాయిల్ లగ్, అంటే పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కు అందించే ఇనుప పలక, తన గాడి వెనక గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ముందు స్క్రూ మొదట, వెనక స్క్రూ తర్వాత. మధ్య స్క్రూ ఉంటే అది కదలకుండా ఉండేంత వరకే. వీటికి లాక్‌టైట్ వద్దు.

ఇంత చేసి మళ్లీ రేంజికి వెళ్లండి. చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

లోపల శుభ్రం, మూతి అంచు

కొత్త రైఫిల్‌ను కూడా కాల్చేముందు ఒకసారి తుడవాలి. గుండు మీది రాగి పొర బ్యారెల్ లోపలి గాళ్లకు అంటుకుని పేరుకుంటుంది. రాగిని కరిగించే ద్రావకంలో తడిపిన గుడ్డ ముక్క నీలి-ఆకుపచ్చ రంగులో బయటికి వస్తున్నంతకాలం ఇంకా రాగి మిగిలి ఉన్నట్టే. శుభ్రంచేసే కడ్డీని ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే, బోర్ గైడ్ (కడ్డీ పక్కలకు రాసుకోకుండా పట్టే గొట్టం) పెట్టి తోయండి. మూతి (బ్యారెల్ ముందు కొస) వైపు నుంచి తోస్తే కడ్డీ రాసుకుని మూతి అంచు అరుగుతుంది. శుభ్రం చేశాక తొలి రెండు మూడు గుండ్లు కాస్త పక్కకు పడవచ్చు. అది సహజం, వాటిని గుంపులో లెక్కించకండి. వేటకు వెళ్లే ముందురోజు రాత్రి మాత్రం మెరిసేలా తుడిచి పెట్టకండి.

గుండు బ్యారెల్‌ను వదిలే ఆఖరి చోటు ఈ మూతి అంచే. అది ఒక వైపు చెక్కుకుపోయి ఉంటే వెనక నుంచి వచ్చే వాయువు ఆ వైపు ముందుగా తప్పించుకుని గుండు వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది. దూది ఉండ తీసుకుని మూతి లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ కంటికి కనబడని ముల్లు ఉంది. వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే గాళ్ల చివర్లు ఒకే తీరుగా మెరవాలి. దెబ్బ తిన్నదని తేలితే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లండి, లేతుమీద కొత్త అంచు తీస్తాడు. హ్యాక్‌సాతో సొంతంగా కోసే ఆలోచన పెట్టుకోకండి. అంచు సూటిగా రాదు, పైగా బ్యారెల్ 16 అంగుళాల కంటే పొట్టిదైతే ఫెడరల్ రిజిస్ట్రేషన్ లేకుండా అది ఇంట్లో ఉండటమే నేరం.

తూటా

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ఇక్కడ పెట్టండి. ఒకే రైఫిల్ ఒక రకం తూటాతో రెండున్నర అంగుళాల గుంపు, మరో రకంతో అంగుళం గుంపు కాల్చడం నేను చాలాసార్లు చూశాను. పేలినప్పుడు బ్యారెల్ వీణ తీగలా కంపిస్తుంది. గుండు ఆ కంపనంలో ఏ దశలో బయటపడుతుందన్నది దాని బరువు, వేగం బట్టి ఉంటుంది. మీ బ్యారెల్‌కు ఏది నచ్చుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాల్చి చూడాల్సిందే.

మీ రైఫిల్ .308 విన్‌చెస్టర్ అనే రకం తూటాది అనుకుందాం. 150, 165, 180 గ్రెయిన్ల బరువుల్లో వేర్వేరు కంపెనీల వేట తూటాలు ఒక్కో డబ్బా కొనండి. డబ్బాకు 20 ఉంటాయి. ఒక్కోదానితో ఐదేసి గుండ్ల గుంపులు మూడు. రకం మారినప్పుడల్లా తొలి రెండు గుండ్లు మట్టిదిబ్బలోకి కాల్చి తర్వాత గుంపు మొదలుపెట్టండి. బ్యారెల్ లోపలి గాళ్ల మెలిక వేగం కూడా గమనించాలి. అది బ్యారెల్ మీదో మాన్యువల్‌లోనో 1:10 అనో 1:12 అనో రాసి ఉంటుంది. పది అంగుళాల్లో ఒక చుట్టు తిరిగే బ్యారెల్ పొడవాటి బరువు గుండ్లను బాగా నిలబెడుతుంది. పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది తేలిక గుండ్లనే ఇష్టపడుతుంది. పూర్తి రాగితో చేసిన గుండ్లు అదే బరువున్న సీసం గుండ్ల కంటే పొడవుగా ఉంటాయి. అందుకని వాటిలో ఒక మెట్టు తేలిక బరువు ఎంచుకోండి.

పోటీలకోసం చేసిన మ్యాచ్ తూటా కాగితం మీద అందమైన గుంపు వేస్తుంది. జింక మీద అది ఎలా విచ్చుకుంటుందో నమ్మకం లేదు. వేటకు వేట గుండే వాడండి. నచ్చిన రకం దొరికాక డబ్బా మీది లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే అంకె) చూసి, అదే నంబరువి నాలుగైదు డబ్బాలు ఒకేసారి కొనిపెట్టుకోండి. ఎండలో నిలిపిన కారులో తూటాలు వదిలేయకండి. మందు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, గుండు పడే చోటు మారుతుంది.

బ్యారెల్ తేలాలి

ఒక డాలరు నోటు తీసుకుని బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ముందు నుంచి దూర్చి, రికాయిల్ లగ్ దాకా వెనక్కి లాగండి. మధ్యలో ఎక్కడైనా ఆగితే అక్కడ స్టాక్ బ్యారెల్‌ను తాకుతోంది. తాకితే తేమకు చెక్క ఉబ్బినా, సంచి మీద ఆన్చినా, భుజం పట్టీ లాగినా బ్యారెల్ మీద ఒత్తిడి మారి గురి మారుతుంది. కొన్ని రైఫిళ్లలో తయారీదారు కావాలనే స్టాక్ ముందు కొసన ఒక గుబ్బ ఉంచి బ్యారెల్‌ను పైకి నొక్కిస్తాడు. సన్నని బ్యారెళ్లలో కొన్నింటికి అది మేలే చేస్తుంది. అందుకని గుబ్బ చెక్కేసే ముందు ఒక పరీక్ష చేయండి. పాత ఏటీఎం కార్డును కత్తిరించి, ముందు యాక్షన్ స్క్రూ దగ్గర యాక్షన్ కింద చిన్న పలకలా పెట్టి బిగించండి. బ్యారెల్ తాత్కాలికంగా పైకి లేచి తేలుతుంది. అలా కాల్చి చూడండి. గుంపు చిన్నదైతే గుబ్బ తీసేయండి. పెద్దదైతే దాన్ని ముట్టుకోకండి.

తీసేయాలనుకుంటే బ్యారెల్ మందం ఉన్న చెక్క కడ్డీకి 80 నంబరు గరుకు కాగితం చుట్టి గాడి పొడవునా ఒకే ఒత్తిడితో రుద్దండి. నోటును నాలుగు మడతలు పెట్టినా తేలిగ్గా జారేంత సందు చాలు. చివర్లో 150 కాగితంతో నున్న చేసి, చెక్క స్టాక్ అయితే గీకిన చోటంతా తప్పక వార్నిష్ పూయండి. లేదంటే తేమ పీల్చుకుని మళ్లీ ఉబ్బుతుంది.

చవక ప్లాస్టిక్ స్టాక్‌లతో ఇంకో ఇబ్బంది ఉంది. ముందు భాగం లోపల డొల్లగా ఉండి, వేళ్లతో నొక్కితేనే వంగి బ్యారెల్‌కు తగులుతుంది. బల్ల మీద తేలుతున్నట్టే కనబడి, చెట్టుకొమ్మకు ఆన్చగానే తగిలేస్తుంది. దీనికి మంచి ఉపాయం పాత కార్బన్ బాణం కర్రలు. గాడి అడుగున ఉన్న అరలకు కొలిచి కోసి, ఎపాక్సీ పోసి అందులో పడుకోబెట్టండి. పెద్దగా బరువు పెరగకుండానే స్టాక్ బిగిసిపోతుంది.

బెడ్డింగ్: స్టాక్‌లో ఇనుము కూర్చునే చోటు

ఇది ఈ మొత్తం పనిలో కష్టమైనదీ, నాకు అన్నింటికంటే ఇష్టమైనదీ. అందరికీ అవసరం లేదు. ముందు ఇలా పరీక్షించండి. రైఫిల్‌ను మడమ మీద నిలబెట్టి, ఎడమచేతి చూపుడు వేలును బ్యారెల్, స్టాక్ కొస కలిసేచోట రెండింటికీ తగిలేలా ఉంచండి. కుడిచేత్తో ముందు యాక్షన్ స్క్రూను వదులు చేస్తూ, మళ్లీ బిగిస్తూ ఉండండి. వేలికి ఏ కదలికా తెలియకపోతే బెడ్డింగ్ బాగున్నట్టే. స్క్రూ బిగించినప్పుడల్లా బ్యారెల్ పైకో కిందికో కదులుతున్నట్టు తెలిస్తే యాక్షన్ కింద నేల సమంగా లేదు, స్క్రూ దాన్ని వంచుతోంది. డయల్ గేజి (అతి చిన్న కదలికను కొలిచే పరికరం) ఉంటే ఇంకా మంచిది. అంగుళంలో వెయ్యో వంతులు రెండు మూడు దాటి కదిలితే బెడ్డింగ్ చేయండి.

మొదలుపెట్టే ముందు మీ రైఫిల్ నిర్మాణం తెలుసుకోండి. రూగర్ అమెరికన్ స్టాక్‌లో ఇనుప బ్లాకులు ముందే పోతపోసి ఉంటాయి. టిక్కా టీ3 రకాల్లో రికాయిల్ లగ్ స్టాక్‌లో ఉండే విడి ముక్క. ఇక్కడ చెప్పే పద్ధతి రెమింగ్టన్ 700 తరహాలో లగ్ యాక్షన్ ముందు కిందికి దిగి ఉండే రైఫిళ్లకు.

కావలసినవి: ఉక్కు పొడి కలిపిన రెండు భాగాల ఎపాక్సీ (డెవ్‌కాన్ లాంటిది), రంగులేని బూటు పాలిష్, పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ మట్టి, మాస్కింగ్ టేపు, చెవి పుల్లలు, తెల్ల వెనిగర్, తొడుగులు. స్టాక్‌లో లగ్ గాడి వెనకా, యాక్షన్ ముందు భాగం కూర్చునే చోటా డ్రెమెల్‌తో (చేతిలో పట్టే చిన్న గ్రైండరుతో) అంగుళంలో పదహారో వంతు లోతు చెక్కండి. స్క్రూ రంధ్రం చుట్టూ పాత నేల కొంచెం వదిలేయండి, యాక్షన్ ఎత్తు మారకుండా అదే ఆధారం. ప్లాస్టిక్ స్టాక్ అయితే ఎపాక్సీ దానికి సరిగా అంటదు. సన్నని డ్రిల్లుతో వాలుగా అరడజను గుంటలు చేయండి, ఎపాక్సీ వాటిలోకి దిగి వేళ్లూనుకుంటుంది.

లగ్ ముందు, పక్కలు, అడుగు మాస్కింగ్ టేపు అంటించండి. వెనక ముఖం మాత్రం ఖాళీగా ఉండాలి, ఎపాక్సీని తాకవలసింది అదొక్కటే. తర్వాత ట్రిగ్గర్ విప్పేసి, యాక్షన్ మీది ప్రతి రంధ్రం, ప్రతి పిన్ను, ప్రతి పల్లం మట్టితో నింపి బ్లేడుతో సమం చేయండి. ఇక్కడ గంట పట్టినా తొందరపడకండి. ఏ పల్లంలోనైనా ఎపాక్సీ దూరి గట్టిపడితే అది గడియలా పట్టేసి ఇనుము మళ్లీ బయటికి రాదు. ఇనుమంతటికీ బూటు పాలిష్ పూసి, ఆరాక మెత్తని గుడ్డతో రుద్ది, మళ్లీ ఒక పూత వేయండి. స్క్రూ మరలకు కూడా పూయండి. వదిలేసిన చోటు ఒక్కటి ఉన్నా అక్కడే అంటుకుంటుంది. అందుకే టార్చి పట్టుకుని రెండుసార్లు చూసుకోండి.

బ్యారెల్ గాడికి మధ్యలో ఉండటానికి కొస దగ్గర బ్యారెల్ చుట్టూ సందు నిండేదాకా టేపు చుట్టండి. ఎపాక్సీ రెండు భాగాలనూ డబ్బా మీద చెప్పిన పాళ్లలో తూచి, గాలిబుడగలు రాకుండా నెమ్మదిగా కలపండి. చెక్కిన చోట్లలో మూలలకు చేరేలా పులమండి. యాక్షన్‌ను తిన్నగా దించి, స్క్రూలను వేళ్లతో తిప్పి ఆగినచోట ఆపేయండి. ఇక్కడ టార్క్ స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. బిగిస్తే ఏ వంపును పోగొట్టాలనుకున్నామో ఆ వంపే ఎపాక్సీలో శాశ్వతంగా అచ్చుపడుతుంది. పక్కలనుంచి పొంగిన దాన్ని వెనిగర్‌లో ముంచిన చెవి పుల్లలతో తుడిచేయండి. రైఫిల్‌ను తిన్నగా నిలిపి 24 గంటలు ముట్టుకోకండి.

మర్నాడు స్క్రూలు తీసి, బ్యారెల్‌ను చేత్తో పట్టుకుని, స్టాక్ కొస మీద రబ్బరు సుత్తితో చిన్నగా తట్టండి. కొన్ని దెబ్బలకు ఏమీ కాదు, గుండె ఆగినంత పనవుతుంది. తర్వాత 'టక్' అని పొడిగా ఒక చప్పుడు వస్తుంది, ఇనుము లేచి వస్తుంది. స్టాక్‌లోకి చూస్తే బూడిదరంగు ఎపాక్సీ మీద యాక్షన్ అడుగు భాగం అద్దంలా అచ్చుపడి ఉంటుంది. ఫ్యాక్టరీ మిల్లింగ్ గీతలు, మెరుగుపెట్టిన గుర్తులు సైతం అందులో చదవవచ్చు. మొదటిసారి దాన్ని చూసినప్పుడు చాలాసేపు వేలితో తడుముతూ కూర్చున్నాను.

అంచులు బ్లేడుతో కత్తిరించండి. లగ్ మీది టేపు ఒలిచేయండి, మట్టి అంతా తీసి ద్రావకంతో కడగండి. స్క్రూ రంధ్రాలను కాస్త పెద్ద డ్రిల్లుతో తెరవండి, స్క్రూ ఒంటికి గోడలు తగలకూడదు. ట్రిగ్గర్ బిగించి, మొత్తం కూర్చి, వేలి పరీక్ష మళ్లీ చేయండి. ఏ కదలికా తెలియకూడదు.

ట్రిగ్గర్

ఐదారు పౌండ్ల బరువున్న ట్రిగ్గర్‌ను లాగేటప్పుడు ఏడెనిమిది పౌండ్ల రైఫిల్ కదలకుండా ఉండటం కష్టం. వేటకు మూడు పౌండ్ల దగ్గర మంచిది. తయారీదారు సర్దుబాటు స్క్రూ ఇచ్చి, మాన్యువల్‌లో ఎలా తిప్పాలో చెప్పి ఉంటే అంతవరకే తిప్పండి. సావేజ్ కంపెనీ అక్యూట్రిగ్గర్ అలాంటిది. లేకపోతే మంచి కంపెనీ తయారుచేసిన బదులు ట్రిగ్గర్ కొని వేసుకోండి. లోపలి సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా ఫైరింగ్ పిన్నును ఆపి ఉంచే ముక్క) అంచులను ఆకురాయితో రుద్దడం మాత్రం ఇంట్లో వద్దే వద్దు. అక్కడ పొరపాటు జరిగితే రైఫిల్ దానంతటదే పేలుతుంది.

ఏ మార్పు చేసినా ఖాళీ రైఫిల్‌తో ఇలా పరీక్షించండి. బోల్ట్ వేసి, సేఫ్టీ పెట్టి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. ఫైరింగ్ పిన్ను (తూటాను వెనక నుంచి కొట్టి పేల్చే సూది) పడకూడదు. బోల్ట్‌ను పదిసార్లు బలంగా మూయండి. మడమ మీదా పక్కల మీదా రబ్బరు సుత్తితో కొట్టండి. ఒక్కసారి పిన్ను పడినా ఆ రైఫిల్‌లో తూటా పెట్టకుండా గన్‌స్మిత్‌కు ఇవ్వండి.

చెయ్యి, చెంప, ఊపిరి

ఇప్పుడు రైఫిల్ చేయగలిగింది అది చేస్తుంది. మిగిలింది మీరు. రోజూ పది నిమిషాలు, తూటాలు లేని గదిలో, చాంబర్‌లో స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తి తూటా) పెట్టి, గట్టి గోడ మీద చిన్న చుక్కకు గురిపెట్టి ఉత్తుత్తి కాల్పులు చేయండి. బ్యారెల్ మీద పావలా డాలరు నాణెం నిలబెట్టండి. ట్రిగ్గర్ లాగి పిన్ను పడిన తర్వాత కూడా నాణెం పడకపోతే చెయ్యి కుదిరింది. ప్రతిసారీ చెంప స్టాక్ మీద ఒకే చోట ఆనాలి. మామూలు వేట స్కోపుల్లో చాలావాటికి పారలాక్స్ సర్దుబాటు, అంటే కన్ను కాస్త జరిగినా గురిగీత జరగని దూరం, 100 లేదా 150 గజాల దగ్గర స్థిరంగా ఉంటుంది. వేరే దూరాల్లో కన్ను మధ్యలో లేకపోతే గురిగీత తప్పు చోటు చూపిస్తుంది. స్కోపు ఎత్తుగా ఉండి చెంప ఆనడం లేదంటే స్టాక్ మీద నురుగు పట్టీ చుట్టండి, సరిపోతుంది.

చివరగా జీరో, అంటే ఏ దూరంలో గుండు సరిగ్గా గురిమీద పడాలో స్కోపును సర్దుకోవడం. .308లో 150 గ్రెయిన్ల గుండుకు 100 గజాల దగ్గర సుమారు రెండు అంగుళాలు పైకి పెట్టుకుంటే 200 గజాల దగ్గర గురిమీద పడుతుంది. సొంతంగా 200 గజాల దగ్గర కాల్చి చూసుకోకుండా ఆ అంకెను నమ్మకండి. తర్వాత వారానికొకసారి రేంజికి వెళ్లి, చల్లటి బ్యారెల్‌తో ఒక్కటంటే ఒక్క గుండు, అదే కాగితం మీద కాల్చి ఇంటికి వచ్చేయండి. అడవిలో మీకు దొరికేది ఆ మొదటి గుండే. అక్టోబరు చివరికి ఆ కాగితం మీద ఐదారు రంధ్రాలుంటాయి, ఒక్కోటి ఒక్కో రోజుది. ఆ గుంపును కొలిచి, ఆ కొలత నాలుగంగుళాలు దాటని దూరం ఎంతో లెక్కకట్టి, తెల్లటి టేపు ముక్క మీద రాసి స్టాక్ పక్కన అంటించండి. నా దాని మీద ఇప్పుడు 220 గజాలని రాసి ఉంది.